యల్లక్క పెట్టిన రాయి

హిందూపురంలో లోడు వేసుకుని పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే లారీ డ్రైవర్లకు ఈ మధ్య ఒక అలవాటు వచ్చింది. పెనుకొండ కొండ కనబడే దూరంలో, రోడ్డు పక్కన లారీలు ఆపుకునే ఖాళీ జాగా ఒకటుంది. అక్కడ ఆగి టీ తాగినవాళ్లు మూతి తుడుచుకుని నేరుగా క్యాబిన్ ఎక్కరు. ముందు బండి చుట్టూ ఒకసారి తిరుగుతారు. వంగుతారు. కొందరైతే మోకాళ్ల మీద కూర్చుని, టైర్ల మధ్య చీకట్లోకి తల పెట్టి మరీ చూస్తారు. ఇదేదో ఆఫీసర్లు మీటింగు పెట్టి చెబితే వచ్చిన బుద్ధి అనుకునేరు. మన డ్రైవర్లు ఆఫీసర్ల మాట వినే రకమా? ఇది యల్లక్క భయం.

యల్లక్క పుట్టిల్లు కర్ణాటక అంచున, రొళ్ల దగ్గర పల్లె. అందుకే కన్నడం, తెలుగు రెండూ ఇంటి భాషలే. తిట్లు మాత్రం కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తుంది, రెండు వైపుల వాళ్లకూ అర్థం కావాలి కదా. ఎముకల మీద చర్మం తప్ప కండ లేని మనిషి. ఒక చేతిలో కట్టె, భుజాన కంబళి, ముందర గొర్రెలు. ఆ గొర్రెల మంద ఇప్పుడు ఆమెది. అంతకుముందు ఆమె మొగుడు పోతులయ్యది.

పోతులయ్య గురించి ఊళ్లో ఎవరినడిగినా ముందు చెప్పేది మీసాల గురించే. రెండు చేతులతో మెలేసి, చెవుల దాకా లాగి వదిలేవాడు. మనిషి కోపిష్టి. రోడ్డు దాటేటప్పుడు గొర్రెకు ఏ లారీ బంపరు తగిలినా వదిలేవాడు కాదు. ఈల వేసి చుట్టుపక్కల గొర్రెల కాపరులను పిలిచేవాడు. అందరూ కలిసి లారీని చుట్టుముట్టి, తాళం చెవులు లాక్కుని, రోడ్డు మీదే కూర్చునేవాళ్లు. కుంటుకుంటూ నడిచిపోయిన గొర్రెకు కూడా చచ్చిన గొర్రెకు చేసినంత రచ్చ చేసేవాళ్లు. ఆ రోజుల్లో యల్లక్క ఇంటి నుంచి సంగటి ముద్దలు చేసి పంపేది, కూర్చున్న మగవాళ్లకు ఓపిక తగ్గకుండా. మొగుడంటే ఆమెకు ప్రాణం. అతని గలాటాలన్నా ఆమెకు ముచ్చటే.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో అతను పోయాడు. ఎలా పోయాడో చెప్పాలంటే అక్కడి ఎండ గురించి చెప్పాలి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చెట్లన్నీ కొట్టేశారు. మిట్టమధ్యాహ్నం గొర్రెలు నీడ కోసం ఒకదాని పొట్ట కింద ఒకటి తలలు దూర్చుకుని నిలబడతాయి. ఆ చుట్టుపక్కల నీడ అనేది ఎక్కడన్నా ఉందంటే ఆగి ఉన్న లారీ కిందే. గొర్రెలు దాని కిందికి దూరేవి. గొర్రెల వెనకే కాపరులూ దూరేవాళ్లు. కంబళి పరుచుకుని, తువ్వాలు మొహాన వేసుకుని, బండి కదిలే లోపల ఒక కునుకు తీసేవాళ్లు. మనకు వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. వాళ్లకు అది అరుగు మీద పడుకున్నట్టు. ఎప్పుడూ ఏమీ కాలేదు కాబట్టి ఎప్పటికీ ఏమీ కాదనుకున్నారు.

ఆ ముందురోజు రాత్రంతా ఒక గొర్రె ఈనక బాధపడుతుంటే పోతులయ్య దాని పక్కనే కూర్చున్నాడు. కన్ను మూయలేదు. మధ్యాహ్నం ఒక లారీ కింద ఒళ్లు వాల్చాడు. లారీ ఇంజను నడుస్తూనే ఉంది. పగలంతా రోడ్డు పక్కనే బతికే మనిషికి ఇంజను మోత ఒక లెక్కా? అలాగే నిద్రపోయాడు. యల్లక్క సంగటి క్యారియరు పట్టుకుని వస్తోంది. ఇంకా దూరంలో ఉండగానే లారీ కింద నుంచి గొర్రెలన్నీ చెల్లాచెదురుగా బయటికి రావడం చూసింది. లారీ ఒకసారి పైకి ఎగిరి పడినట్టు ఊగింది. రోడ్డెక్కింది. పోయింది. పోతున్న లారీ వెనక పలకల మీద రెండు నెమళ్ల బొమ్మలు. ఎడమ వైపు నెమలికి తల లేదు. ఆమె పరుగెత్తింది. ఆ పరుగు చివర చూసింది ఏమిటో యల్లక్క ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పను.

పోలీసులు వచ్చారు, కొలతలు తీసుకున్నారు, గుర్తు తెలియని వాహనం అన్నారు. యల్లక్క నెమలి సంగతి చెప్పింది. "నెంబరు చెప్పమ్మా, నెమళ్లు ప్రతి లారీకీ ఉంటాయి," అన్నారు. ఆమెకు అంకెలు రావు. నెమలి వచ్చు. తల లేని నెమలి ఎన్ని లారీలకు ఉంటుందో వెతకండయ్యా అని స్టేషన్ చుట్టూ కొన్నాళ్లు తిరిగి, తర్వాత మానేసింది. వాళ్లు వెతకరు, నేనే వెతుక్కుంటాను అనుకుంది. ఆ లారీ ఎప్పుడో ఒకప్పుడు ఈ దారిన రాక తప్పదు. దాన్ని తోలినవాణ్ని అదే జాగాలో, అలాగే చంపాలి. ఆమె మనసులో ఇంకో ఆలోచన లేదు. కూతురు భాగ్య కొత్తచెరువులో కాపురం చేసుకుంటోంది. "నా దగ్గరికి వచ్చి ఉండమ్మా," అని ఎన్నిసార్లు బతిమాలినా కదలలేదు.

మంద తోలుకుని రోజూ ఆ ఖాళీ జాగాకే వచ్చేది. వచ్చిన ప్రతి లారీ వెనక్కి వెళ్లి బొమ్మలు చూసేది. గులాబీలు, గద్దలు, తామరలు, ఆవూ దూడా, తల ఉన్న నెమళ్లు. ఆ లారీ దొరకలేదు. కడుపులో మంట ఎక్కడో ఒకచోట కక్కాలి కదా, మొదట రాళ్లు విసిరింది. ఒక అద్దం పగిలింది. పోలీసులు పిలిచి గట్టిగా బెదిరించారు. అప్పుడు విసరడం మానేసి, పెట్టడం మొదలుపెట్టింది.

డ్రైవరు టీ తాగుతుంటే ఆమె నెమ్మదిగా వెళ్లి, మోయగలిగినంత రాయి ఒకటి వెనక చక్రం ముందు, లోపలి వైపుకి దొర్లించి వచ్చేది. డ్రైవరు బండి ఎత్తబోతే లారీ మూలిగి ఆగిపోయేది. వాడు తిట్టుకుంటూ దిగి, చుట్టూ తిరిగి, వంగి, చివరికి మోకాళ్ల మీద పడి, పొట్ట నేలకు ఆనించి చెయ్యి లోపలికి చాపి రాయి తీసుకోవాల్సి వచ్చేది. యల్లక్క కట్టె మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడేది. పోతులయ్య పడుకున్న చోటికి ప్రతి డ్రైవరూ మోకాళ్ల మీద రావాలి. అది చూస్తే ఆ పూటకి ఆమె కడుపు కాస్త చల్లబడేది.

"ఏమ్మా, నీకేం పోయేకాలం?" అని అరిచేవాళ్లు డ్రైవర్లు.

"నాకెప్పుడో వచ్చి పోయె. నీకు రాకుండా చూసుకో," అనేది.

కొట్టడానికి చెయ్యెత్తినవాళ్లు ఉన్నారు. ఆమె కట్టె ముందు ఆ చెయ్యి దిగింది. ఆమెకు రాళ్లక్క అని పేరు పెట్టారు. కొంతకాలానికి రాయి పెట్టినా పెట్టకపోయినా చుట్టూ తిరిగి చూడటం అలవాటైపోయింది. ఎవడు లేచి రాళ్లక్కతో పోట్లాడతాడు?

డ్రైవర్లనే కాదు, లారీ నీడకు చేరిన కాపరులనూ ఆమె వదల్లేదు. పిక్కల మీద కట్టె దెబ్బ పడితేగాని వాళ్లు లేచేవాళ్లు కాదు. లారీ పక్కన సందులోంచి దూరిపోయే మోటారు సైకిళ్ల వాళ్లను చూస్తే ఆమె నోటికి హద్దుండేది కాదు. "ఆ ఎడం పక్క నువ్వుండేది వానికి కనపడదురా, నీ యవ్వ ఏడుస్తాది!" అని రోడ్డు అవతలికి వినపడేలా అరిచేది.

ఒక జనవరిలో రోడ్డు భద్రత వారోత్సవాలని చెప్పి పుట్టపర్తి నుంచి జీపులో పెద్దమనుషులు వచ్చారు. మైకు పెట్టారు. ప్రాణాలు కాపాడుతున్న మాతృమూర్తి అన్నారు. శాలువా కప్పబోయారు. యల్లక్క ఆ శాలువా లాగి పక్కనే ఉన్న గొర్రె మీద వేసింది.

"నేను ఎవర్నీ కాపాడల్యా. నా మొగుణ్ని చంపినోణ్ని చంపను వెతుకుతాండా. మీ దగ్గర వాని అడ్రసుంటే చెప్పండి, లేదంటే పోండి," అంది.

మైకు వాళ్లు త్వరగా ముగించుకున్నారు. గొర్రె మాత్రం శాలువాతో కాసేపు దర్జాగా తిరిగింది.

పోయిన ఏడాది నుంచి ఆ జాగాలో టీ కొట్టు నడిపే యమున ఒక్కతే ఆమెతో ధైర్యంగా మాట్లాడేది. యమున మొగుడు లారీ డ్రైవరు. అందుకని ఆ పిల్లకు రెండు వైపులా నొప్పి ఉంది.

"అంత ఎత్తున కూర్చున్నోనికి కిందుండేది ఏం కనపడతాదక్కా? నన్ను ఒకసారి మా ఆయన ఎక్కించినాడు. ముందర బంపరు కాడ ఆనుకొని నిలబడినోళ్లు కూడా కనపడరు," అంది ఒకరోజు.

"కనపడకుంటే దిగి చూడాల."

"దిగి చూడకపోవడం తప్పే. అంతమాత్రాన చంపుతావా?"

"పెట్టు టీ," అంది యల్లక్క. ఆమె దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడో తయారుగా ఉంది. యమునకు చెప్పి భయపెట్టడం ఎందుకని ఊరుకుంది.

మొన్న ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం హిందూపురం వైపు నుంచి చింతపండు లోడుతో ఒక లారీ వచ్చి ఆగింది. దిగిన డ్రైవరు నలభై దాటిన మనిషి, కాస్త బట్టతల, నవ్వు మొహం. ముందు చక్రం కింద చెక్క ఒకటి పెట్టి, కొట్టు దగ్గరికి వచ్చి, "బండికి హ్యాండ్ బ్రేకు సరిగ్గా పట్టల్యామ్మా. ఈ జాగా చూస్తే రోడ్డు తట్టుకి వాలి ఉండాది. చెక్క పెట్టకుంటే అదే దొర్లుకుంటా ధర్మవరం పోతాది," అని నవ్వాడు. పేరు తిరుపాల్ అని, ధర్మవరం అని, యమున అడగకముందే చెప్పాడు. అలవాటైన మనిషిలా బెంచీ మీద కాళ్లు చాపుకున్నాడు.

యల్లక్క ఎప్పటిలాగే లారీ వెనక్కి పోయింది. రెండు నెమళ్లు. ఎడమ వైపు నెమలికి మెడ దాకానే రంగు, ఆపైన వేరే పలక, ఉత్త కట్టె రంగు.

లారీ పలక పట్టుకుని నిలబడింది. వచ్చాడు. చివరికి వచ్చాడు. కొట్టు దగ్గరికి తిరిగి వచ్చి మామూలుగా అడిగింది.

"ఏమప్పా, నీ నెమలికి తల యాడ పోయె?"

"అదా! పలక పుచ్చిపోతే మార్పించినాక్కా. బొమ్మ ఏసేవాడు దొరకల్యా. నాలుగేండ్లాయ, తల లేకుండానే తిరుగుతాండాది పాపం."

"నాలుగేండ్లూ నువ్వే తోలేది?"

"నేనే. నా బండిని ఇంకొకరికిస్తానా?"

ఇంక ఆమెకు అడగాల్సింది లేదు. పోయి, ఆ చుట్టుపక్కల ఉన్న వాటిలోకెల్లా పెద్ద రాయి దొర్లించుకుంటూ తెచ్చి, వెనక చక్రం ముందు, ఎప్పుడూ పెట్టేదాని కంటే ఇంకా లోపలికి తోసింది. చేతి గోరు ఊడి రక్తం కారింది. ఆమె చూసుకోలేదు.

తిరుపాల్ టీ తాగి లేచాడు. "చుట్టూ చూసి పో అన్నా," అని యమున మామూలుగా చెప్పింది. అతను చూశాడు. రాయి కనబడింది. "రాళ్లక్కంటే నువ్వేనా? ధర్మవరంలో కూడా నీ పేరు చెప్తాండారు," అని నవ్వుతూనే కింద పడుకుని, పాకుతూ లారీ కిందికి దూరాడు. రాయి బరువుగా ఉంది. రెండు చేతులతో తోసి తోసి అవతలికి నెట్టాడు. ఇప్పుడు లారీని పట్టుకుని ఉన్నది ముందు చక్రం కింద ఉన్న ఆ చెక్క ఒక్కటే.

యల్లక్క ఆ చెక్క మీద కాలు పెట్టింది.

"కదలద్దు. కదిల్తే చెక్క తంతా."

"అక్కా, పరాచకాలొద్దు. బండి నా మీద పోతాది."

"పోతాదని నాకూ తెలుసు. రెండేండ్ల కింద ఎండాకాలం ఈడ బండి ఆపినావు. ఇంజన్ ఆఫ్ చేయకుండా టీ తాగితివి. అవునా?"

"అవునక్కా. సెల్ఫు చెడిపోయిండె. ఆపితే మళ్లా తోసేవాళ్లు యాడ దొరుకుతారని ఆపల్యా. ఎందుకు?"

"బండి ఎత్తినప్పుడు ఎనక చక్రానికి ఏం తగిలె?"

"గొర్రె పడె," అన్నాడు తిరుపాల్. "నీదేనా అక్కా అది? గొర్రెలు బయటికి ఉరకడం అద్దంలో చూసినా. ఒకటి పడిందనుకుంటి. తప్పేలే. ఆపితే మీవోళ్లు వదలరని పారిపోతి. అంతకుముందు ఒకసారి ఈ దోవలోనే గొర్రెకు బంపరు తగిలి మీవోళ్లకు దొరికిపోతి. మీసాలాయన ఒకాయన క్యాబిన్ ఎక్కి నా గల్లా పట్టుకునె. తాళాలు పెరుక్కొని పొద్దు గుంకేదాంక కూర్చోబెట్టిరి. గొర్రె కుంటుకుంటా మేస్తానే ఉండె, అయినా వదల్యా. అప్పుడే ఒట్టు పెట్టుకుంటి, గొర్రె పడితే ఇంక బండి నిలపకూడదని. ఆ గొర్రె పడినాంక ఈ దోవన మళ్లా వచ్చింది ఈపొద్దే."

యల్లక్కకు ఆ రోజు కూడా గుర్తుంది. సంగటి ముద్దలు చేసి పంపింది తనే. తాళం చెవులు వేలికి తిప్పుకుంటూ పోతులయ్య ఇంటికొచ్చి ఆ డ్రైవరు మొహం ఎలా మాడిపోయిందో చెబితే, ఇద్దరూ పడిపడి నవ్వుకున్నారు. అది ఇప్పుడు ఆమె గుండెలో గునపంలా దిగింది. దిగినంత మాత్రాన కోపం తగ్గలేదు. ఇంకా పెరిగింది. రెండేళ్లు! తనకు తిండి సయించలేదు, కంటి మీద కునుకు లేదు. ఇక్కడ వీడు గొర్రె అనుకుని, హాయిగా తిని, హాయిగా పడుకుని, తల లేని నెమలితో ఊళ్లు తిరుగుతూ నవ్వుతున్నాడు.

"గొర్రె కాదు," అంది. "మనిషి. నీ గల్లా పట్టుకున్న ఆ మీసాలాయనే. నా మొగుడు. పోతులయ్య."

తిరుపాల్ తల ఎత్తబోయాడు, నెత్తి ఇరుసుకు కొట్టుకుంది.

"అక్కా..." అన్నాడు. ఏడుపు వచ్చింది. "తెలీదక్కా. నా బిడ్డల మీద ఆన, తెలీదు. పైన కూర్చుంటే కిందేముండేదీ కనపడదు."

"కనపడదని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"తెలిసీ దిగి చూడకపోతివి. పోనీ, హారన్ కొట్టినావా?"

ఆమె కట్టెతో లారీ పలక మీద ఒక దెబ్బ వేసింది.

"కొట్టినావా రా?"

"కొట్టల్యా. ముందర ఎవరూ లేరని కొట్టల్యా."

కొట్టులోంచి యమున చూసింది. చేతిలో గ్లాసులు వదిలేసి, "అక్కా, వద్దు! అక్కా!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. యల్లక్క కాలు చెక్క మీదే ఉంది. ఒక్క తన్ను. రెండేళ్లుగా కలలో తన్నుతున్న తన్ను. మడమ బిగించింది. అప్పుడు ఆమెకు తోచింది: ఇప్పుడు తంతే వీడు చస్తాడు. చచ్చినవాడికి ఇంక ఏం తెలుస్తుంది? తెలియకుండానే రెండేళ్లు బతికాడు, తెలిసిన ఈ కాసేపుతోనే వదిలించుకుని పోతాడా? పోనివ్వకూడదు. ఇంటికి పోవాలి. పెళ్లాం అన్నం పెడితే ముద్ద దిగకూడదు. పడుకుంటే నిద్ర రాకూడదు. తనకు లాగే.

కాలు తీసింది. యమున చెయ్యి విదిలించుకుని, క్యాబిన్ తలుపు తెరిచి, కమ్మీ పట్టుకుని పైకెక్కింది. తలుపు చప్పుడుకి, బరువుకి బండి కొంచెం ఊగడానికి, కింద తిరుపాల్ గావుకేకలు పెట్టాడు. "అక్కా, వద్దక్కా! బండి కదిలిస్తాండావా? నేను కింద ఉండా అక్కా! ఉండా!"

యల్లక్క డ్రైవరు సీట్లో కూర్చుంది. అంత ఎత్తు నుంచి పెనుకొండ కొండ కనబడింది, రోడ్డు కనబడింది, దూరంగా తన గొర్రెలు కనబడ్డాయి. ఇంతసేపూ తను నిలబడిన చోటు మాత్రం కనబడలేదు. యమున చెప్పింది నిజమే. దానికి ఆమెకు జాలి కలగలేదు, పళ్లు పటపటా కొరికింది. ఏమీ కనబడదని తెలిసిన మనిషి, చెయ్యి చాపక్కర్లేనంత దగ్గర ఉన్న ఆ గుండ్రటి బొత్తాం నొక్కలేదు.

ఆమె అరచేత్తో దాన్ని నొక్కింది.

ఆ మోతకు గొర్రెలు తలలెత్తాయి. యమున చెవులు మూసుకుంది. లారీ కింద నుంచి తిరుపాల్ ఎలా వచ్చాడో వచ్చాడు, మోచేతులు దోక్కుపోయి, చొక్కా చిరిగి, మట్టిలో దొర్లుకుంటూ అవతలి పక్కకు వచ్చి పడ్డాడు. లేచాడు. రెండు కాళ్ల మీద నిలబడ్డాడు, ప్రాణాలతో. హారన్ మోత ఇంకా ఆగలేదు.

యల్లక్క చెయ్యి తీసి, కిటికీలోంచి అతని వైపు చూసింది.

"చూస్తివా?" అంది. "ఇంతసేపే పట్టె. నా మొగుడూ ఇట్లే లేచి వస్తాండె."